ఎలుకల్లో క్లోమం వాపు తగ్గించి షుగర్ నయం చేశారంట, నిజమేనా?

కందుకూరు నాన్న · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాపకి పదకొండేళ్లు. పోయినేడాది ఎండల్లో నీళ్లు తెగ తాగేది, ఎండలకేలే అనుకున్నాం. మనిషి చిక్కిపోయింది, వాంతులు పట్టుకున్నాయి. నెల్లూరు తీసకపోతే నేరుగా ఐసీయూలో పెట్టారు. టైప్ 1 షుగర్ అన్నారు. అప్పట్నుంచి రోజుకి నాలుగు ఇంజెక్షన్లు.

ఇప్పుడు మా బావమరిది ఒక వీడియో పంపించాడు. ఎలుకలకి క్లోమంలో వాపు తగ్గించే మందేదో ఇస్తే, వచ్చిన షుగర్ కూడా వెనక్కి పోయిందంట. ఇన్సులిన్ కంపెనీలు దాచిపెట్టాయని ఒకాయన ఊగిపోతా చెప్తుండాడు. ఉత్తదేలే అనుకున్నా గానీ, మధ్యలో పేపరు మొదటి పేజీ చూపించారు. అక్కడ ఆపి చదివితే 2017, ‘డయాబెటిస్’ అనే పత్రిక, మందు ఏజెడ్‌డీ1480, ఎన్‌ఓడీ ఎలుకలు అని ఉంది. అంటే పేపరు నిజంగా ఉన్నట్టే గదా. మరి మా పాపకెందుకు ఇవ్వట్లా? బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా “ఇంకెన్నాళ్లు పొడుస్తారు బావా” అంటాడు, పక్కనే పాప వింటా ఉంటది. తెలిసినోళ్లు కాస్త తెలుగులో చెప్పండి.

మొలగొలుకులు · 9:52

వాట్సాప్‌లో ఎలుకలకి రోజూ షుగర్ తగ్గతానే ఉంటదన్నా. మనుషుల వంతే రాలా.

ల్యాబ్‌కోటు, కావలి · 10:31

అన్నా, ఇన్సులిన్ ఒక్క పూట కూడా ఆపొద్దు. ముందు ఈ మాట, తర్వాతే మిగతాది. నేను ఫార్మకాలజీలో పీహెచ్‌డీ చేస్తుండా, ఎలుకలతోనే నా కాపురం.

మీరు చూసిన పేపరు నిజమే. మెల్‌బోర్న్ వాళ్లది. ఆ ఎలుకల్లో కొత్తగా వచ్చిన షుగర్ వెనక్కి పోయిన మాట కూడా నిజమే. దాచిపెట్టారనేది మాత్రం పచ్చి అబద్ధం. ఆ కథ ఆ తర్వాత మనుషుల దాకా వచ్చింది, అది వీడియోలో చెప్పలా. దాని గురించి డాక్టర్లు ఎవరన్నా చెప్తే బాగుంటది, నేను ఎలుక సంగతి చెప్తా.

క్లోమంలో ఎక్కువ భాగం అన్నం అరిగించే రసాలు తయారుచేసేదే. మధ్యమధ్యలో చిన్న చిన్న గుంపులు ఉంటాయి. ఇంటర్‌లో చదివుంటారు, లాంగర్‌హాన్స్ పుటికలు. 1869లో ఆయన చూసినప్పుడు అవి ఏం పనిచేస్తాయో కూడా తెలీదు. మొత్తం క్లోమంలో అవి ఒకటి రెండు శాతమే. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు వాటిలోనే ఉంటాయి. టైప్ 1లో మన ఒంట్లో తెల్లరక్తకణాలే పోయి ఆ పుటికల్ని ముట్టడిస్తాయి. దాన్నే ఇన్సులైటిస్ అంటారు, మీరన్న వాపు అదే. ఎన్‌ఓడీ అనే ఆ చిట్టెలుకల జాతికి కూడా ఇట్టా ముట్టడితోనే, దానంతటదే షుగర్ వస్తది.

ఆ ముట్టడిలో టీ కణాలనే ఒక రకం తెల్లకణాలు ఇంటర్‌ఫెరాన్ లాంటి రసాయనాలు వదుల్తాయి. అవి తగిలితే బీటా కణం తన పైపొర మీద ఒక రకం ప్రోటీన్‌ని ఎక్కువగా బయటపెడుతుంది. దాన్ని గుర్తుపట్టే టీ కణం వచ్చి పట్టుకుని చంపేస్తుంది. ఇంటర్‌ఫెరాన్ చెప్పిన కబురు కణం లోపలికి పోవాలంటే జాక్ అనే ఎంజైములు కావాలి. ఏజెడ్‌డీ1480 ఆ జాక్‌ని ఆపుతుంది. కబురు లోపలికి పోదు, ఆ ప్రోటీన్ పెరగదు, టీ కణానికి బీటా కణం దొరకదు. పుటికల చుట్టూ చేరే కణాలు కూడా తగ్గినాయి. కీళ్లవాతానికి ఇదే జాతి మందులు ఇప్పటికే వాడతన్నారు, కాబట్టి వాళ్లకి ఆశ పుట్టింది.

వెలిగొండ బాబాయ్, మార్కాపురం · 10:47

ఈ ఇంగ్లీషు మందుల గోల ఎందుకబ్బాయా. శ్రీశైలం పోయినప్పుడు వేగిస చెక్క గ్లాసు కొనుక్కొచ్చా. రాత్రి నీళ్లు పోసి పెట్టి పొద్దున్నే పరగడుపున తాగతన్నా. నీళ్లు డికాషన్ రంగులోకి వస్తయ్. నాకు 280 ఉండేది 160కి దిగింది. దాంతో పాటు పొడపత్రి ఆకు నమలతన్నా. ఎలుకల మీద మన వేగిస కూడా పరీక్ష చేశారు, చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టినయ్యంట. ఎక్కడో మెల్‌బోర్న్ దాకా పోవడం దేనికి, మన కొండల్లో లేనిదేముంది?

మొలగొలుకులు · 10:49

బాబాయ్, రాత్రిపూట అన్నం మానేసింది ఎప్పుడు, గ్లాసు కొన్నది ఎప్పుడు?

వెలిగొండ బాబాయ్, మార్కాపురం · 10:55

రెండూ ఒకేసారి. అయితే ఏంది?

మొలగొలుకులు · 10:56

ఏం లేదు బాబాయ్. ఊరికే అడిగా.

ల్యాబ్‌కోటు, కావలి · 11:20

బాబాయ్ చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. 1980ల మొదట్లో వేగిస చెక్కలోని ఎపికాటెచిన్ అనే పదార్థం ఇస్తే అలొక్సాన్ పెట్టిన ర్యాట్లలో (చిట్టెలుకలు కాదు, పెద్ద ఎలుకలు) బీటా కణాలు తిరిగి పుట్టాయని మనదేశం నుంచే పేపర్లు వచ్చాయి. పెద్ద సంచలనం అప్పట్లో. తర్వాత బయట దేశాల్లో చేసి చూస్తే అట్టాంటి ఫలితం రాలా. పొడపత్రి మీద 1990లో మద్రాసు వాళ్ల పేపరుంది, స్ట్రెప్టోజోటోసిన్ పెట్టిన ర్యాట్లలో పుటికలు పెరిగినట్టు కనపడింది అని. టైటిల్లోనే ‘బహుశా’ అని పెట్టుకున్నారు, అది నాకు నచ్చింది. వేగిస మీద మన ఐసీఎంఆర్ మనుషుల్లో కూడా చేసింది, కొత్తగా టైప్ 2 వచ్చిన వాళ్లలో. 1998లో వచ్చిన ఫలితం: 97 మందిలో 67 మందికి 12 వారాల్లో షుగర్ అదుపులోకి వచ్చింది. పోల్చడానికి పక్కన మందు లేని ఉత్త మాత్ర ఇచ్చిన గుంపు మాత్రం లేదు. కాబట్టి ఎంత వేగిస వల్ల, ఎంత అన్నం తగ్గించడం వల్ల అని విడదీసి చెప్పలేం. బాబాయ్ కేసే అది.

కానీ పాప విషయానికి ఇవేవీ అతకవు. అలొక్సాన్, స్ట్రెప్టోజోటోసిన్ రెండూ విషాలు. ఎక్కువ మోతాదు ఒక్క సూదితో బీటా కణాల్ని మాడ్చేస్తాయి. అక్కడ టీ కణాల ముట్టడి లేదు, ఒక దెబ్బ పడింది, అయిపోయింది. అలొక్సాన్ పెట్టిన ఎలుకల్లో కొన్ని ఏ మందూ ఇవ్వకపోయినా వాటంతటవే తేరుకుంటాయి కూడా. టైప్ 1లో ముట్టడి ఆగదు. ఏ ఆకుతోనో కొత్త కణం పుట్టిందే అనుకో, దాన్ని కూడా చంపేస్తాయి.

ఒకటి మాత్రం ఉంది, స్ట్రెప్టోజోటోసిన్‌నే కొంచెం కొంచెంగా, కిలోకి 40 మిల్లీగ్రాముల చొప్పున వరసగా ఐదు రోజులు చిట్టెలుకలకి ఇస్తే పుటికల చుట్టూ కణాలు చేరతాయి. 1976లో కనిపెట్టారు. మన కాలేజీల్లో ‘వాపు మీద మా ఆకు పనిచేసింది’ అనే పేపర్లలో చాలా వరకు ఈ రకమే. ఎన్‌ఓడీ ఎలుకలు తెచ్చి నెలల తరబడి సాకడం అందరి వల్లా కాదు. ఇది చౌక, ఆర్నెల్ల ప్రాజెక్టుకి సరిపోద్ది.

మోడరేటర్ · 11:34

పొడులు, కషాయాలు అమ్మే ఫోన్ నంబర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. మళ్లీ పెడితే ఖాతా పోతుంది.

స్లైడు మాస్టారు, నెల్లూరు · సోమవారం ఉదయం 6:05

నేను హిస్టోపాథాలజీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఫార్మసీ కాలేజీల పిల్లలు ఎలుకల క్లోమాలు డబ్బాల్లో పట్టుకొచ్చేవారు. నెలకోసారైనా వచ్చిన డబ్బాలో క్లోమం ఉండేది కాదు, కొవ్వు ఉండేది. చిట్టెలుక క్లోమం మనిషికి ఉన్నట్టు గట్టిగా ఒక ముద్దలా ఉండదు. ప్లీహం దగ్గర్నుంచి చిన్నపేగు దాకా పల్చగా పరుచుకుని ఉంటుంది, చూడ్డానికి కొవ్వే. నేను వాళ్లకి చెప్పేది ఒకటే: ఫార్మలిన్‌లో వెయ్యి, తేలితే కొవ్వు, మునిగితే క్లోమం. వెయ్యడం కూడా ఆలస్యం చెయ్యకూడదు. దాని రసాలే దాన్ని అరిగించేస్తాయి. అరగంట బల్ల మీద ఉంచి తెస్తే స్లైడులో ఏమీ మిగలదు.

ఇక ఈ పేపర్లలో వాపుకి వేసే ‘స్కోరు’ సంగతి. హెమటాక్సిలిన్ ఇయోసిన్ రంగు వేస్తే పుటిక లేత గులాబీ రంగులో గుండ్రంగా కనబడుతుంది, చుట్టూ ఉన్న భాగం ముదురు. తెల్లకణాలు చేరితే, బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు, నల్లటి నీలం చుక్కలు. ఏమీ లేకపోతే సున్నా. అంచున మాత్రమే చేరితే ఒకటి. లోపలికి దూరి సగం లోపు ఆక్రమిస్తే రెండు, సగం దాటితే మూడు. కొందరు పూర్తిగా నిండినదానికి నాలుగు అని కూడా వేస్తారు. ఇట్లా ఒక్కో ఎలుకలో పదుల కొద్దీ పుటికలు చూసి లెక్క కడతారు. మందు ఇచ్చిన గుంపుకి స్కోరు తక్కువొస్తే వాపు తగ్గింది అని రాస్తారు.

దీంట్లో మోసం జరగక్కర్లేదు, పొరపాటే చాలు. బీటా కణాలన్నీ చచ్చిపోయిన పుటికలో ఇక తెల్లకణాలకి పనిలేదు, అవి వెళ్లిపోతాయి. మిగిలేది చిన్న ముద్ద, చుట్టూ శుభ్రంగా ఉంటుంది. చూసేవాడు దానికి సున్నా వేస్తాడు. అంటే పూర్తిగా నాశనమైన క్లోమానికి మంచి మార్కులు! అందుకే ఇన్సులిన్‌కి వేరే రంగు వేసి, గోధుమరంగు ఉందా లేదా పక్కన పెట్టి చూడాలి. ఏ స్లైడు ఏ గుంపుదో చూసేవాడికి తెలియకూడదు. ఒకే పుటికని రెండుసార్లు లెక్కపెట్టకుండా కోతకీ కోతకీ మధ్య ఎడం ఉంచాలి. కోత ఐదు మైక్రాన్లు, పుటిక వంద మైక్రాన్ల పైన. పక్కపక్క కోతలు తీసుకుంటే చూసిందే చూస్తావు. క్లోమం పక్కన శోషరస గ్రంథి ఉంటుంది, దాన్నే పెద్ద ఇన్సులైటిస్ అనుకుని ఫొటో తీసిన పిల్లవాడిని కూడా చూశాను.

ల్యాబ్‌కోటు, కావలి · 7:10

మాస్టారూ, సున్నా మార్కుల విషయం మా గైడు కూడా ఇంత వివరంగా చెప్పలా. దండం.

కందుకూరు నాన్న · 8:15

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలా. ఒక డౌటు. ఎన్‌ఓడీ ఎలుకకి టీ కణాల వల్లే షుగర్ వస్తదని చెప్పారు గదా, అంటే పాప మాదిరే. మరి దాంట్లో నయమైతే మనకి ఎందుకు కాదు?

ల్యాబ్‌కోటు, కావలి · 8:50

అసలు ప్రశ్న ఇదే అన్నా. బస్సులో ఉండా, టైపింగ్ తప్పులుంటే సర్దుకోండి.

ఎన్‌ఓడీ జపాన్‌లో పుట్టింది. షియోనోగి కంపెనీ పరిశోధనశాలలో కంటి శుక్లాల కోసం పెంచుతున్న ఎలుకల సంతతిలోంచి వచ్చింది, 1980లో లోకానికి చెప్పారు. ఆ జాతిలో అన్నీ అక్కాచెల్లెళ్లు, అన్నాతమ్ముళ్ల కలయికతో తరాల పాటు పెంచినవే. ఒకదాని జన్యువులే ఇంకోదానికి. ఒక ఎలుకలో మందు పనిచేస్తే మిగతావాటిలో కూడా పనిచేసే అవకాశం ఎక్కువ. అంటే మనం ఒక్క మనిషిని నయం చేసి ఊరంతా నయం చేశామన్నట్టే.

నాలుగు వారాలప్పుడే వాపు మొదలవుతుంది, షుగర్ బయటపడేది 12 వారాల తర్వాత. మధ్యలో చాలా టైముంది. ఆ టైములో మందు పెట్టినోళ్లంతా ‘ఆపాం’ అని పేపరు రాశారు. అట్టా ఎన్‌ఓడీలో షుగర్ రాకుండా ఆపినవి వందకు పైనే ఉన్నాయి. నికోటినమైడ్ ఆపింది, నోటి ద్వారా ఇన్సులిన్ పెడితే ఆపింది, పాల ప్రోటీన్‌ని ముక్కలు చేసి పెట్టిన మేత ఆపింది. ఇంకా వింత, పంజరం శుభ్రంగా లేకపోయినా తగ్గుతుంది. క్రిములు లేని చోట పెంచితేనే వీటికి షుగర్ ఎక్కువ వస్తది! ఆడవాటికి 30 వారాల లోపు నూటికి 60 నుంచి 80, మగవాటికి 20, 30. మనుషుల్లో ఆడామగా అంత తేడా లేదు.

ఆ వందలో కొన్నిటిని మనుషుల దగ్గరికి తెచ్చారు. నికోటినమైడ్ 2004లో తేలిపోయింది, పనిచెయ్యలా. నోటి ఇన్సులిన్ 2005లో, అదీ లేదు. మేత సంగతి పసిపిల్లల మీద ఏళ్ల తరబడి చేశారు, 2018లో అదీ తేలిపోయింది. కాబట్టి రాకుండా ఆపడం ఒకటి, వచ్చినదాన్ని వెనక్కి తిప్పడం ఇంకొకటి. మీ బావమరిది పంపినదానికి విలువ ఎందుకంటే రెండోది కూడా చేశారు. మేం ల్యాబులో తోక చివర చిన్న గాటు పెట్టి ఒక్క చుక్క మామూలు గ్లూకోమీటర్ మీదే చూస్తాం. మామూలుగా వరసగా రెండుసార్లు 250 దాటితే షుగర్ వచ్చినట్టు రాసుకుంటాం. అట్టా వచ్చిన వెంటనే మందు మొదలుపెడితేనే వెనక్కి పోతది. కొన్ని వారాలు ఆలస్యమైతే మీటరు ‘హై’ చూపిస్తది, ఇక మిగిలిన బీటా కణాలే ఉండవు, ఏ వాపు తగ్గించి ఏం లాభం?

చిన్నపిల్లల డాక్టరమ్మ, ఒంగోలు · మధ్యాహ్నం 2:20

ఓపీ అయ్యాక చూశాను. మనుషుల దాకా వచ్చిన కథ అన్నారు కదా, అది చెప్తాను.

ఏజెడ్‌డీ1480 మనుషుల్లో షుగర్‌కి రాలేదు. అదే జాతి మందు బారిసిటినిబ్, కీళ్లవాతానికి వాడేది, అదే మెల్‌బోర్న్ బృందం పరీక్షించింది. 10 నుంచి 30 ఏళ్ల వాళ్లు 91 మంది, అందరికీ టైప్ 1 బయటపడి వంద రోజులు దాటలేదు. మూడింట రెండు వంతుల మందికి మందు, మిగతావాళ్లకి ఉత్త మాత్ర, 48 వారాలు. 2023లో ఫలితం అందరూ చదివేలా పెద్ద పత్రికలో వచ్చింది. దాచింది ఎవరూ లేరు.

ఎలుకకి వెనక్కి పోయింది. మనుషులకి వెనక్కి పోలేదు. మందు తీసుకున్నవాళ్ల క్లోమం సొంతంగా చేసే ఇన్సులిన్ కాస్త ఎక్కువగా నిలిచింది, దాన్ని సీ-పెప్టైడ్ అనే పరీక్షతో కొలుస్తారు. బయటి నుంచి పొడుచుకునే ఇన్సులిన్ కిలో బరువుకి 0.41 యూనిట్లు పడింది, ఉత్త మాత్ర వాళ్లకి 0.52. అంటే 30 కిలోల పిల్లకి రోజుకి సుమారు 16 యూనిట్ల బదులు 12. ఇంజెక్షన్ మానలేదు. మూడు నెలల సగటు షుగర్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందు ఆపాక ఆ లాభం కూడా కరిగిపోయింది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు పిల్లలకి ఏళ్ల తరబడి ఇవ్వడమంటే తేలిక కాదు.

ఎలుక నుంచి నిజంగా మందుల షాపు దాకా వచ్చినది ఒకటుంది. 1994లో పారిస్‌లో, అప్పుడే షుగర్ వచ్చిన ఎన్‌ఓడీ ఎలుకలకి ఐదు రోజులు యాంటీ-సీడీ3 అనే యాంటీబాడీ ఇస్తే షుగర్ వెనక్కి పోయి చాలాకాలం నిలిచింది. దాని మనిషి రూపమే టెప్లిజుమాబ్. పాతికేళ్లు పట్టింది. 2019లో 76 మందిలో, ఇంకా షుగర్ బయటపడని, రాబోతున్నదని రక్తపరీక్షల్లో తెలిసిన, టైప్ 1 వాళ్ల బంధువుల్లో ఇచ్చి చూస్తే జబ్బు బయటపడడం మధ్యస్థంగా 24 నెలల నుంచి 48 నెలలకి వెనక్కి జరిగింది. 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది. 14 రోజుల కోర్సు అక్కడ లక్షన్నర డాలర్ల పైమాట. రెండేళ్ల ఆలస్యం, అంతే. కానీ చిన్నపిల్లకి ఆ రెండేళ్లు ఎంత విలువో తల్లులకి తెలుసు.

వెరాపమిల్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తున్నాను. పాత బీపీ మాత్ర. 2012లో ఎలుకల్లో బీటా కణాల్ని కాపాడింది, 2023లో 88 మంది పిల్లల్లో, జబ్బు తెలిసిన నెలలోపు మొదలుపెడితే ఏడాదికి సీ-పెప్టైడ్ 30 శాతం ఎక్కువ నిలిచింది. చౌక కాబట్టి మందుల షాపులో అడిగి తెచ్చుకోవచ్చనిపిస్తుంది. దయచేసి వద్దు. గుండె లయని మార్చే మందు అది, ఈసీజీ లేకుండా పిల్లలకి వెయ్యకూడదు. మీ పాపకి ఏడాది దాటిపోయింది కాబట్టి ఈ మూడింటి కాలమూ గడిచిపోయింది.

పెన్నా పిల్లకాలువ, కోవూరు · సాయంత్రం 6:40

నాకు టైప్ 1, పద్నాలుగో ఏట వచ్చింది. ఇప్పుడు ముప్పై రెండు, ఉద్యోగం బెంగళూరులో, పెళ్లయింది, పాప ఉంది. కందుకూరు అన్న కోసం ఒక్క సంగతి.

మొదట్లో ఇన్సులిన్ పడ్డాక కొన్ని నెలలు డోసు బాగా తగ్గిపోయింది నాకు. హనీమూన్ పీరియడ్ అంటారు, మిగిలిన బీటా కణాలకి కాస్త విశ్రాంతి దొరికి మళ్లీ పనిచేస్తాయి. సరిగ్గా ఆ టైములోనే మా ఊరి పక్కన పొడి ఇచ్చే ఒకాయన దగ్గరికి తీసకపోయారు. ఆయన పొడి మొదలుపెట్టిన వారానికి 12 యూనిట్లు కాస్తా 6 అయ్యాయి. “చూశారా, ఇక సూది ఆపెయ్యండి” అన్నాడు. మా అమ్మ ఆపలా. చదువు లేదు ఆమెకి, కానీ “తగ్గతంటే దానంతటదే సున్నాకి వస్తది గదయ్యా, మనం ఆపేదేంది” అనింది. నాలుగు నెలలకి డోసు మళ్లీ పెరిగింది. ఆయన మాత్రం అప్పటికే నన్ను నయమైన వాళ్ల లిస్టులో చెప్పుకుంటుండాడు.

మొలగొలుకులు · 6:48

అమ్మకి పీహెచ్‌డీ ఇవ్వాల.

వెలిగొండ బాబాయ్, మార్కాపురం · 7:15

పసిపిల్లకి ఇన్సులిన్ ఆపమని నేను చెప్పలా, అది రాసిపెట్టుకోండి. నా గ్లాసు నా టైప్ 2కే. మరి నాలాంటోళ్లకి కూడా క్లోమంలో ఈ వాపు ఉంటదా, లేక అది చిన్నపిల్లల జబ్బుకేనా?

ల్యాబ్‌కోటు, కావలి · 8:30

ఉంటది బాబాయ్, రకం వేరు. మీ రకంలో టీ కణాల ముట్టడి కాదు, మాక్రోఫేజులు అనే కణాలు చేరతాయి. చక్కెర, కొవ్వు ఎక్కువై బీటా కణం ఇబ్బంది పడుతుంటే అవి ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనం వదుల్తాయి, దాంతో కణం ఇంకా దెబ్బతింటది. 2007లో ఆ ఇంటర్‌ల్యూకిన్‌ని ఆపే అనాకిన్రా అనే మందు 70 మంది టైప్ 2 వాళ్ల మీద 13 వారాలు చూశారు. షుగర్ కొంచెం తగ్గింది. తర్వాత అదే దారిలో పోయే కానాకినుమాబ్‌ని పదివేల మందికి పైగా గుండెజబ్బు వాళ్లకి ఇచ్చి చూస్తే, కొత్తగా షుగర్ రావడాన్ని అది ఆపలా. కాబట్టి మీ గ్లాసు మూలన పడేయాల్సినంత గొప్ప మందు ఇంకా రాలేదు.

దీంట్లో కూడా ఎలుకతో చిక్కుంది. మనుషుల టైప్ 2లో బీటా కణాలు వదిలే అమైలిన్ అనే ప్రోటీన్ పుటికల్లో గడ్డకట్టి పేరుకుంటది, అదే వాపుని రేపుతుంది. ఎలుక అమైలిన్‌లో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం మూడు చోట్ల అడ్డం పడి అది గడ్డకట్టదు. అందుకని ఎలుకలోకి మనిషి జన్యువు పెట్టి మరీ చూడాల్సి వచ్చింది. మీ వేగిస పేపరు ఏ ఎలుకలో చేసినా ఈ గడ్డల మీద ఏం చేస్తదో అది చెప్పలేదు.

మోతాదు లెక్క కూడా చెప్తా. చిట్టెలుకకి కిలోకి ఇంత అని ఇచ్చినదాన్ని మనిషికి మార్చాలంటే 12తో భాగించాలి, ర్యాట్ అయితే 6తో. ర్యాట్‌కి కిలోకి 500 మిల్లీగ్రాముల సారం ఇచ్చారంటే 60 కిలోల మనిషికి దాదాపు ఐదు గ్రాములు. సారం బాబాయ్, ఆకు కాదు. ఐదు గ్రాముల సారానికి ఎంత ఆకు కావాలో మీ పొడపత్రి తీగనే అడగండి.

వెలిగొండ బాబాయ్, మార్కాపురం · 8:41

తీగ అంతా మేకలా మేయాలంటావ్. సరేలే. అన్నం తగ్గించడం మాత్రం మానను, దానికి పేపరు అక్కర్లా.

స్లైడు మాస్టారు, నెల్లూరు · 9:05

ఒక్కటి కలుపుతాను. ఎలుక స్లైడు చూసి మనిషి క్లోమం కూడా అట్లాగే ఉంటుందనుకోకండి. ఎన్‌ఓడీలో పుటిక మొత్తం తెల్లకణాలతో నిండిపోతుంది, కంటికి కొట్టొచ్చినట్టు. మనిషిలో వెతుక్కోవాలి. 2013లో నిపుణులు కూర్చుని నిర్ణయించుకున్న కొలత ఏమిటంటే, ఒక పుటికలో 15 తెల్లకణాలుండాలి, అటువంటివి కనీసం మూడు కనబడాలి. అంత తక్కువ. పుటిక అమరిక కూడా వేరు. ఎలుకలో బీటా కణాలన్నీ నడిమధ్య, మిగతావి అంచున. మనిషిలో కలగలిసి ఉంటాయి.

బతికున్న మనిషి క్లోమంలోంచి ముక్క తియ్యడం ప్రమాదం. నార్వేలో కొత్తగా జబ్బు వచ్చిన ఆరుగురు పెద్దవాళ్లకి తీశారు, ఇబ్బందులు రావడంతో అక్కడితో ఆపేశారు. అందుకే మందు ఇచ్చాక మనిషిలో వాపు తగ్గిందా అని సూటిగా చూడలేరు, రక్తంలో సీ-పెప్టైడ్ చూసి ఊహించాల్సిందే. ఎలుకని కోసి చూడొచ్చు, మనల్ని చూడలేరు. తేడా అంతా అక్కడుంది.

కందుకూరు నాన్న · 10:10

అన్నీ పాపకి కూడా చదివి వినిపించా. తనకి అర్థమైంది ఏంటంటే ఎలుకలకి కూడా తోక మీద రోజూ పొడుస్తారని. “అయితే నాలాగే” అనింది. బావమరిదికి ఈ లింకు పంపా. డాక్టరమ్మ గారూ, ఇంకొకటి. పాప తమ్ముడికి ఆరేళ్లు. బాగానే ఉన్నాడు. వాడికి వస్తదా లేదా ముందే తెలుసుకునే పరీక్ష ఉందన్నారు గదా, చేయించాలా? ఇంట్లో వద్దంటున్నారు, ముందే తెలిసి ఏడవడం ఎందుకని.

చిన్నపిల్లల డాక్టరమ్మ, ఒంగోలు · మంగళవారం ఉదయం 7:30

తోబుట్టువుకి వచ్చే అవకాశం నూటికి ఐదారు, అంతే. అంటే రాకపోవడమే ఎక్కువ, ఆ మాట ఇంట్లో ముందు చెప్పండి.

పరీక్ష అంటే రక్తంలో యాంటీబాడీలు చూడడం. గాడ్, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8, ఇన్సులిన్ యాంటీబాడీ, నాలుగు రకాలు. ఏవీ లేకపోతే చాలావరకు నిశ్చింత. ఒకటుంటే మళ్లీ చూడాలి. రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే చిన్నపిల్లల్లో పదేళ్ల లోపు నూటికి డెబ్బై మందికి జబ్బు బయటపడుతుంది, దాన్ని ఇప్పుడు మొదటి దశ కిందే లెక్కేస్తున్నాం. ఈ దశలో క్లోమంలో వాపు మొదలైపోయి ఉంటుంది, పైకి షుగర్ మాత్రం మామూలుగా ఉంటుంది.

ముందే తెలిసి లాభమేమిటంటారా, మందు దొరకకపోయినా లాభముంది. అక్కలాగా ఐసీయూలో తెలియక్కర్లేదు. నీళ్లు ఎక్కువ తాగుతున్న రోజునే ఇంట్లో మీటరుతో చూసుకుంటారు, వాంతుల దాకా రానివ్వరు. నేను మీ స్థానంలో ఉంటే చేయిస్తాను. కానీ ఫలితం వచ్చాక ఏం చెయ్యాలో చెప్పే డాక్టర్ని ముందు చూసుకుని చేయించండి, కాగితం చేతిలో పెట్టుకుని వాట్సాప్‌లో వెతుక్కునే పరిస్థితి వద్దు. గాడ్ ఒక్కటే చేసి పంపించే చోట్లు ఉన్నాయి, నాలుగూ అడగండి. శాంపిల్ పెద్ద ల్యాబుకి వెళ్లి రావాలి కాబట్టి వారం పది రోజులు పట్టొచ్చు. పరగడుపున అక్కర్లేదు, వాడికి ఇడ్లీ పెట్టే తీసుకెళ్లండి.